బొగ్గు బస్సులో ఎడమ పక్క సీటు

ఆ రోజుల్లో ఒక ఊరి సంగతి చెప్పాలంటే ముందు ఆ ఊరు చూసి ఉండాలన్న నియమం నాకు లేదు. ఈ మాట మొదటే ఒప్పేసుకుంటే మంచిది. తర్వాత మీరు కనిపెట్టి నవ్వేకంటే ఇప్పుడు నేనే చెప్పి నవ్వుకోవడంలో కొంచెం మర్యాద మిగులుతుంది. చిత్తూరు బస్టాండులో కూర్చుని, కాణిపాకానికి ఏ వేళకు పోతే దర్శనం సుఖంగా అవుతుందో, మొగిలి ఘాటులో ఏ మలుపు దగ్గర చల్లగాలి తగులుతుందో, కాళహస్తిలో ఏ సత్రంలో నల్లులు తక్కువో, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూ నేను రెండేళ్ళు గడిపాను. ఆ రెండేళ్ళలో నేను చేసిన అతి పెద్ద ప్రయాణం మా ఇంటినుంచి బస్టాండుకు. అదీ నడిచి.

అది యుద్ధకాలం. పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గు మీద నడిపేవాళ్ళు. బస్సు వెనక ఎడమ పక్కన మనిషెత్తు ఇనప డ్రమ్ము ఒకటి బిగించి, దాంట్లో బొగ్గులు పోసి రాజేసి, పక్కనున్న చక్రాన్ని పావుగంటసేపు చేత్తో తిప్పితే, లోపల పుట్టిన గ్యాసుతో ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి మనమీద దయతలచి కదిలేది. చదునునేల మీద ఫరవాలేదు గాని మిట్ట వస్తే మొండికేసేది. అప్పుడు బస్సులో మనుషులు ప్రయాణం చెయ్యడం ఆగి, మనుషులతో బస్సు ప్రయాణం చెయ్యడం మొదలయ్యేది.

మా మామ (అమ్మకు సొంత తమ్ముడు) చిత్తూరునుంచి పలమనేరుకు పోయే అలాంటి బస్సు ఒకదానికి బుకింగు ఏజెంటు. రేకుల కొట్టం కింద ఒక మేజా, ఒక బల్ల, ఒక టిక్కెట్ల పుస్తకం, ఒక పెన్సిలు. ఇదీ ఆఫీసు. మామకు కళ్ళు మసకలు కమ్మడం మొదలయ్యాక, ఎస్సెల్సీ పాసై ఊరికే ఇంట్లో ఉన్న నన్ను తెచ్చి మేజా ముందు కూర్చోబెట్టి, తను బల్లమీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. టిక్కెట్లు కోయడం మామ అప్పగించిన పని. కోతలు కోయడం నేను సొంతంగా చేర్చుకున్నది.

నా సలహాల్లో ఒక వంతు దిగినవాళ్ళ దగ్గర విన్నవి, ఒక వంతు పెట్రోలు కాలంనాటివి, మిగిలిన వంతు నా గొంతు కాస్త బాగుండడం వల్ల నిజమనిపించినవి. 'పగలు ప్రయాణమైతే తలమీద తడిగుడ్డ వేసుకోండి. కొత్త ఊళ్ళో మొదటి హోటల్లో తినొద్దు, రెండో హోటల్లో తినండి. జట్కావాడు మొదట చెప్పిన మాట వినబడనట్టు ఉండండి' అని నేను చెబుతుంటే, పెద్ద పెద్ద తలపాగాలవాళ్ళు కూడా తల ఊపేవాళ్ళు. ఆ ఊపుడు చూసే నాకు మతి పోయింది. మా కండక్టరు మాత్రం ఊపలేదు. ఆయన పేరు ఏదో ఉండేది గాని, పొద్దున్నే డ్రమ్ములో బొగ్గులు పోసి చక్రం తిప్పి ముఖమంతా మసి చేసుకుంటాడు కాబట్టి అందరికీ బొగ్గన్న. నాకు 'సలహాసామి' అని పేరు పెట్టింది ఆయనే. "ఏం సామీ, ఈ పొద్దు ఎంతమందిని దారి మళ్ళించినావు?" అంటూ దిగేవాడు.

ఇక అసలు రహస్యం. నాకు బస్సు పడదు. పన్నెండో ఏట పెళ్ళివారితో కాళహస్తికి పోతూ, రేణిగుంట చేరకముందే రెండు పట్టుచీరలూ ఒక జరీకండువా పాడుచేసి, తిరుగుదారిలో ఎద్దులబండిలో ఒంటరిగా వచ్చిన చరిత్ర నాది. నిలబడిన బస్సుతో నాకేమీ తగాదా లేదు. కదిలే బస్సుతోనే. పెద్దయ్యాక కూడా ఇది తగ్గలేదన్న సంగతి మా అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వకూడదు కూడా. ఎందుకంటే ఆ ఏడాది మామ తన మామిడితోట చూసుకోవడానికి పల్లెకు పోదామనుకుంటున్నాడు. మేజా నాకివ్వడానికి మొదలాళి (బస్సు యజమానిని మావైపు అట్లాగే అంటాం) ఒప్పుకున్నాడు, ఒక్క షరతుమీద. ఏజెంటనేవాడు ఒకసారైనా దారి పొడుగునా పోయి స్టేజీలన్నీ కళ్ళారా చూసి రావాలి. న్యాయమైన షరతు. నేను ఒకసారి జ్వరమనీ, ఒకసారి గంగజాతరనీ, ఒకసారి అమ్మకు జ్వరమనీ దాన్ని దాటేస్తూ వచ్చాను. అవతల బొగ్గన్న బామ్మర్ది అప్పుడే ఖాకీ చొక్కా కుట్టించుకుని తయారుగా ఉన్నాడు. నాయన లేని ఇల్లు మాది. రెండు బర్రెల పాలమీద నడిచేది. ఆ మేజా నాకు స్థిరమైతే అమ్మ తెల్లవారకముందే పాలచెంబులతో వీధులు తిరగడం మానుకుంటుంది. నా కోతలన్నిటి వెనకా నిజమైన ఆశ ఇదొక్కటే.

అట్లాంటి వైశాఖమాసంలో ఒకనాడు ఒక పెద్దమ్మగారు వచ్చారు. మాట గోదావరివైపుది కాబట్టి మాకందరికీ ఆమె గోదావరి పెద్దమ్మగారు. తెల్లచీర, భుజాన గుడ్డసంచీ, ఒక చేతిలో ఇత్తడి కూజా, ఇంకో చేతిలో నల్లగొడుగు. వెనకా ముందూ ఎవరూ లేరు. అప్పట్లో ఆ వయసు ఆడమనిషి ఒంటరిగా ఊళ్ళు తిరగడం మేము చూడలేదు. బస్టాండంతా అటే చూసింది.

"తోడెవురూ రాలేదామ్మా?" అన్నాను.

"గొడుగుంది కదయ్యా," అన్నారు. తర్వాత బల్లమీద కూర్చుని, నేను అడగకుండానే చెప్పారు. "ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పాను నాయనా. గోడమీది పటంలో వేలు పెట్టి చూపించడమే గాని ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఇప్పుడు వేలు పెట్టిన చోటల్లా కాలు పెట్టి వద్దామని బయల్దేరాను."

ఈ మాట విన్నప్పుడే నాకు చురుక్కుమనవలసింది. చురుక్కుమనలేదు. కాణిపాకం పోయే మార్గం అడగ్గానే గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "పదకొండు గంటలకు బయలుదేరండమ్మా, జనముండరు. జట్కా మాట్లాడుకోండి. నీళ్ళు మోసుకుపోవద్దు, దారంతా బావులే." ఆమె సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీసి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాసుకున్నారు. నా మాటలు ఒకరు రాసుకోవడం అదే మొదటిసారి. ఆనందం పట్టలేక నాలుగోది కూడా ఒకటి చెప్పాను గాని, అదేమిటో ఇప్పుడు జ్ఞాపకం లేదు.

సాయంత్రం ఆమె తిరిగి వచ్చేసరికి బస్టాండు నిండా జనం. ముఖం ఎర్రగా కమిలి ఉంది. కోపం లేదు. కళ్ళజోడు పెట్టుకుని, నోటుపుస్తకం తెరిచి, పిల్లల పరీక్ష కాగితం దిద్దే గొంతుతో చదివారు.

"ఒకటి. పదకొండింటికి బయలుదేరితే జనం ఉండరు. నిజం. జనమే కాదు, పూజారిగారు కూడా లేరు. గుడి మూసి భోజనానికి వెళ్ళారు. నాలుగింటిదాకా రాతిమెట్టుమీద కూర్చున్నాను. రెండు. జట్కా. దానికి ఏ లోటూ లేదు, గుర్రానికే ఎండదెబ్బ తగిలింది. మూడు. దారంతా బావులు. ఉన్నాయి, తొమ్మిది లెక్కపెట్టాను. ఒక్కదాంట్లోనూ నీళ్ళు లేవు."

కాఫీ హోటలు వాకిట్లో నిలబడినవాళ్ళు కూడా నవ్వారు. "సామీ, ప్రసాదమేమన్నా తెచ్చినారేమో అడుగు," అన్నాడు బొగ్గన్న.

"నేను తప్పు పట్టడంలేదు నాయనా," అన్నారామె. "సరి చూస్తున్నాను. అలవాటు." ఆ తర్వాత అన్నారు కదా, "రేపు పలమనేరు వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాను. చల్లని ఊరంటారు. బస్సులో ఏ సీటు మంచిది?"

తెలివైనవాడైతే అప్పుడు నోరు మూసుకునేవాడు. నేను పోయిన పరువు అప్పుడే తిరిగి తెచ్చుకోవాలనుకున్నాను. "వెనక సీటు, ఎడమపక్క చివర. ఎండ పడదు. గాలి ధారాళంగా తగల్తాది," అన్నాను. పెట్రోలు కాలంలో అది నిజంగానే మంచి సీటు. దానికోసం జనం తువ్వాళ్ళు విసిరేవాళ్ళు. ఆ సీటుకు జానెడు దూరంలో ఇప్పుడు మండే డ్రమ్ము ఉందని నాకు తెలియదా అంటే, రోజూ కళ్ళెదుటే చూస్తున్నాను. కంటికీ నోటికీ మధ్య ఎక్కడో దారి తెగింది, అంతే.

మరునాటి సాయంత్రం బస్సు దిగినప్పుడు ఆమె తెల్లచీర బూడిదరంగులో ఉంది. ముఖంమీద కళ్ళజోడు ఉన్నంతమేర మాత్రం తెల్లగా ఉంది. మళ్ళీ జనం మధ్యనే నిలబడి నోటుపుస్తకం తీశారు.

"అయిదు. ఎండ పడదు. పడలేదు. అంత పొగలో ఎండ ఎట్లా కనబడుతుంది? ఆరు. గాలి ధారాళంగా తగులుతుంది. తగిలింది, పొయ్యిలోంచి." పుస్తకం మూసి, చాలా మెల్లగా అడిగారు. "ఆ సీట్లో నువ్వెప్పుడు కూర్చున్నావు నాయనా?"

నేను టిక్కెట్ల పుస్తకంలో ఏదో వెతుక్కున్నాను. జవాబు బొగ్గన్న చెప్పాడు. "ఈయప్ప బస్సెక్కితే గదమ్మా సీటు సంగతి తెలిసేది. పొయ్యి పెట్టినాంక ఒక్కనాడన్నా ఎక్కినాడేమో అడగండి. రోజూ పిలస్తానే ఉండా. జొరమంటాడు, జాతరంటాడు."

బల్లమీద పడుకున్న మామ ముఖంమీది తువ్వాలు తీశాడు. "ఏమిరా అబ్బోడా, స్టేజీలు సూసేది సరే, ఊరికేనన్నా ఒక్కసారి గూడా పోలేదా నువ్వు? మొగిలి మిట్టలో అది ఉండాది, ఇది ఉండాదని నాకే చెప్తివే."

"పోదామనే అనుకుంటాండా మామా."

"అనుకునేది సాలు. రేప్పొద్దున బస్సుకు పో. పలమనేరు దాకా పోయి, సాయంత్రం బస్సుకు రా. యాడ ఏముండాదో వచ్చి నాకు చెప్పు. పోలేనంటావా, ఇప్పుడే చెప్పు. ఆ మేజా బొగ్గన్న బామ్మర్దికి ఇచ్చేస్తా. మొదలాళికి ఎన్నాళ్ళని అబద్ధాలు చెప్పేది నేను?"

పోతానన్నాను. ఇంకేమంటాను? ఇంట్లో చెబితే అమ్మ పాలుపిండే చెంబు కిందపెట్టి, "నీకు బండి పడదు గదరా నాయనా. నేనే పోయి మా తమ్మునికి చెప్తా ఉండు," అంది. వద్దన్నాను. మరునాడు పొద్దున జేబులో ఒక నిమ్మకాయ పెట్టి పంపింది. సలహాలకు నిధినైన నాకు ఆ ప్రయాణానికి ఉన్న సామగ్రి అదొక్కటే.

బస్సెక్కి చూస్తే అన్ని సీట్లూ నిండిపోయి ఒక్కటే ఖాళీగా ఉంది. వెనక, ఎడమపక్క చివర. (ముందురోజు పెద్దమ్మగారు చదివింది ఊరంతా పాకినట్టుంది.) నా సీట్లో నేను కూర్చున్నాను. గోదావరి పెద్దమ్మగారు కూడా ఆ బస్సుకే వచ్చారు. పలమనేరు మీదుగా ములబాగలు, అక్కణ్ణుంచి బెంగుళూరు పోతారట. ముందు సీట్లో ఉన్న ఆమె నన్ను చూసి, ఏమనుకున్నారో, నా పక్కనున్న రైతును ముందుకు పంపి, వచ్చి పక్కన కూర్చున్నారు. "ఇంకోసారి సరి చూస్తాను," అన్నారు.

బంగారుపాళెం వచ్చేసరికి నా సంగతి నాకే తెలియడంలేదు. వీపు వెనక డ్రమ్ము నిప్పులు కక్కుతోంది. కడుపులో ఎవరో చక్రం తిప్పుతున్నారు. నిమ్మకాయ వాసన చూసి చూసి దానికే వాసన పోయింది. పెద్దమ్మగారు నా ముఖం చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచీ."

"మీ మామగారికి తెలుసా?"

"తెలీదమ్మా. తెలిస్తే మేజా పాయె."

ఆమె సంచీలోంచి చిన్న రేకుడబ్బా తీసి, ఒక మాగాయ ముక్క నా చేతిలో పెట్టారు. "బుగ్గన పెట్టుకో, నమలకు. దగ్గరి చెట్లను చూడకు, పరుగెడతాయి. ఆ దూరపు కొండను చూడు. అది కదలదు." నేను కొండను చూశాను. నిజంగానే కొండ కదలలేదు. ఆ వాసనకు బొగ్గన్న వెనక్కు వచ్చి, "ఏందమ్మా అది, నోరూరిస్తాండాది," అని, ఆమె ఇచ్చిన ఒక ముక్క కాకుండా తనే ఇంకొకటి తీసుకుని పోయాడు.

ఘాటు మొదటి మిట్టలోనే బస్సు దమ్ము తీసుకుని ఆగిపోయింది. "మొగోళ్ళంతా దిగండప్పా, తలా ఒక చెయ్యి వెయ్యండి," అన్నాడు బొగ్గన్న. అందరూ గొణుక్కుంటూ లేచేలోగా నేను కింద ఉన్నాను. జీవితంలో ఏ పిలుపూ నాకు అంత తియ్యగా వినబడలేదు. భుజం పెట్టి ఎంత ఊపుగా నెట్టానంటే, "సామీ, నీలో ఇంత బలముండాదని తెలిస్తే బొగ్గులు కొనేది మానేస్తిమే," అన్నాడు బొగ్గన్న. బస్సు కదిలాక కూడా ఎక్కలేదు. మిట్ట పొడుగునా నడిచే వస్తానన్నాను. పెద్దమ్మగారు కూడా గొడుగు తెరిచి దిగిపోయారు. బస్సు మా వెనకే, మాకంటే మెల్లగా, పొగ వదులుతూ వచ్చింది.

ఆ రెండు మైళ్ళ నడకలో నాకు మొగిలి ఘాటు నిజంగా తెలిసింది. నేను రెండేళ్ళుగా చల్లగాలి వస్తుందని చెబుతున్న మలుపులో గాలే లేదు. దానికవతల ఉన్న బండరాతి నీడలో ఉంది. బండ వెనక సన్నటి ఊట ఉంది. చెప్పులు సీటుకింద వదిలి దిగినవాళ్ళు కాలే రాళ్ళమీద గంతులేస్తున్నారు. మిట్ట చివర ఒక ముసలామె మట్టికుండలో మజ్జిగ అమ్ముతోంది. ఒక్కొక్కటీ పెద్దమ్మగారు చూపిస్తుంటే నేను టిక్కెట్ల పుస్తకం వెనక అట్టమీద రాసుకున్నాను. ఎండ సంగతి ఆమె గొడుగుతో దుమ్ములో గీత గీసి చెప్పారు. "వైశాఖంలో సూర్యుడు మనకు ఉత్తరంగా పోతాడు. మన బస్సు పడమరకు పోతుంది. కాబట్టి వేసవిలో పొద్దుటి బస్సుకు ఎడమపక్క నీడ. అయితే ముందు సీట్లలో కూర్చోవాలి, పొయ్యికి దూరంగా. వేసవిలో అని రాసుకో." రాసుకున్నాను.

మిట్ట ఎక్కాక మళ్ళీ బస్సెక్కక తప్పలేదు. పలమనేరు ఇంకా నాలుగైదు మైళ్ళు. కొండ వెనకబడింది. చూడ్డానికి కదలనిది ఏదీ లేదు. ఘాటంతా గెలిచినవాణ్ణి ఊరి పొలిమేరలో ఓడిపోయాను. తల కిటికీలోంచి బయటపెట్టాను. అదే సమయానికి బొగ్గన్న వెనక నిచ్చెనమీద వేలాడుతూ డ్రమ్ములో బొగ్గులు వేస్తున్నాడని నాకు తెలియదు. (ఇది పగ కాదు. అసలు పగ తర్వాత వస్తుంది.)

బస్సు ఆగింది. బొగ్గన్న ఖాకీ చొక్కా విప్పి ఒంటికి దూరంగా పట్టుకుని వచ్చాడు. "ఇదా కత? జొరం గాదు, జాతర గాదు, నీకు బస్సే పడదు గదూ? ఉండు, సాయంత్రం మీ మామతో చెప్తా. బస్సు పడనోడు బస్సుకు ఏజెంటంట."

నాకు అమ్మ పాలచెంబులు కళ్ళముందు కనిపించాయి. అప్పుడు పెద్దమ్మగారు లేచి నిలబడ్డారు.

"ఆ అబ్బాయిని అనకు బాబూ. తప్పు నాది. ఆ మాగాయ చెడిపోయినట్టుంది. నిన్న డబ్బా ఎండలో మర్చిపోయాను. పెట్టకుండా ఉండవలసింది."

బొగ్గన్న చెయ్యి మెల్లగా తన కడుపుమీదికి పోయింది. "నేను రెండు ముక్కలు తింటినే," అన్నాడు. ఊళ్ళో బస్సు ఆగిన తర్వాత ఆయన ఒక అరుగుమీద కూర్చుని సోడా తాగాడు. ముఖంమీద మసి లేకపోతే పాలిపోయి కనిపించేవాడేమో.

ములబాగలు బస్సు దగ్గర నన్ను పక్కకు పిలిచి పెద్దమ్మగారు డబ్బా మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. "పోయినేడు పెట్టింది. ఇంకో రెండేళ్ళు చెడదు," అన్నారు. నేను దణ్ణం పెట్టబోతే గొడుగు అడ్డం పెట్టారు. "సలహాలు చెప్పడం మానకు నాయనా, నీ గొంతు బాగుంది. కాని తెలియని చోట తెలియదు అను. అంత చిన్న మాటకు నోరేమీ నొప్పి పుట్టదు." బస్సు కదిలింది. ఆమె కూర్చున్న పక్క నీడగా ఉంది.

తిరుగుప్రయాణంలో ఏం జరిగిందో రాయను. బొగ్గన్న మాత్రం నా కిటికీ వైపు రాలేదు. బస్టాండులో దిగగానే, నేను నోరు తెరవకముందే మామతో ఆయనే చెప్పేశాడు. "గోదావరి ఊరగాయ కొట్టిందన్నా. నాకే కడుపులో తిప్పతాండాది, ఈ సన్నపిల్లోడు ఎంత? అయినా మిట్టంతా ఈడే నెట్టినాడు." నేను అట్టమీద రాసుకున్నదంతా చదివాను. బండనీడ, ఊట, మజ్జిగ ముసలామె, కాలే రాళ్ళు, అన్నీ. మామ చివరిదాకా విని, "ఇంతకుముందు చెప్పినట్టు లేదే ఇది," అన్నాడు. "నిజంగా పోయినట్టే ఉండాది." ఆ నెలాఖరుకు మామ తోటకు పోయాడు. మేజా నాదయింది. అమ్మ మాత్రం బర్రెలను అమ్మలేదు గాని, పాలచెంబులతో వీధులు తిరగడం మానింది. కావలసినవాళ్ళు ఇంటికే వచ్చి పోయించుకునేవాళ్ళు.

నేను ఇందాక అన్న పగ పెద్దమ్మగారిమీదే. ఇంత మేలు చేసిన మనిషిమీద పగేమిటి అని మీరు అడగవచ్చు. నిజమే. కాని రెండుసార్లు, నిండు బస్టాండులో, కళ్ళజోడు పెట్టుకుని, అంకెలతో సహా ఆమె చదివిన చదువు నా చెవుల్లోంచి పోలేదు. మేలు మనసులో ఒకచోట ఉంటుంది, మంట ఇంకోచోట ఉంటుంది. రెండూ పలకరించుకోవు. అందుకని నేనొక దేవదారు పలక తెచ్చి, తెల్లరంగు వేసి, 'ప్రయాణీకులకు సలహాలు' అని నల్లగా రాసి, ఘాటులో నేర్చుకున్నవన్నీ కింద వరసగా ఎక్కించి, మేజా వెనక వేలాడదీశాను. చివర పెద్ద అక్షరాలతో ఇట్లా రాశాను. 'పై సలహాలు స్వయముగా ప్రయాణించి కనుగొన్నవారు గోదావరి పెద్దమ్మగారు. సందేహములున్నను, ఫిర్యాదులున్నను వారికే చెప్పుకొనవలెను.'

ఆ పలకవల్ల నాకు కలిగిన సుఖం ఇంతా అంతా కాదు. ఎవరు వచ్చి ఏమన్నా, వేలెత్తి కింది వాక్యం చూపించేవాణ్ణి. "అవునా? అయితే పెద్దమ్మగారిని అడగాల్సిందే," అనేవాణ్ణి. బొగ్గన్న తనవంతుగా, "ఆమె ఊరగాయ గూడా అట్లాంటిదే," అని చేర్చేవాడు. బస్టాండులో ఆమె ఒక పెద్ద కథ అయిపోయారు. పుంగనూరు చెట్టి ఒకాయన అయితే, ఎడమపక్క కూర్చుని తన ఎడమచెవి మాడిపోయిందని, ఆమె ఎప్పుడు కనబడినా అడక్కుండా వదలనని, బస్సెక్కినప్పుడల్లా నాతో చెప్పేవాడు.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు వచ్చింది. డ్రమ్ము ఊడదీసి పాత ఇనుముకు అమ్మేశారు. బొగ్గన్న ముఖం అసలు రంగు అప్పుడే అందరం చూశాం. పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఒక మాఘమాసం పొద్దున, మేజా ముందు ఒక నల్లగొడుగు నీడ పడింది. తల ఎత్తకుండానే నాకు తెలిసిపోయింది.

పెద్దమ్మగారు నన్ను చూడలేదు. నా వెనకున్న పలకను చూస్తున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివారు. చివరి వాక్యం రెండుసార్లు చదివారు. అప్పటికే బొగ్గన్న బస్టాండంతా చాటేశాడు, "పలకమీది పెద్దమ్మ వచ్చినాది," అని. మూటలు దించి జనం మూగారు. పుంగనూరు చెట్టి ఆ పొద్దు అక్కడే ఉండడం నా పుణ్యం. ఆయన తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఏమ్మా, ఎడమపక్క నీడంటివే. నా చెవి సూడు. మాడిపాయ."

"మీరు కూర్చున్నది ఏ మాసం?" అన్నారామె, ఏమాత్రం తడబడకుండా.

"మార్గశిరం."

"మార్గశిరంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు బాబూ. అప్పుడు కుడిపక్క కూర్చోవాలి. ఈ సలహా వైశాఖానిది. నేను చెప్పినప్పుడు వేసవిలో అని చెప్పాను." అప్పుడు నా వైపు తిరిగారు. "నువ్వు రాసుకున్నావు కూడా."

"పలకమీద చోటు చాల్లేదమ్మా," అన్నాను.

"నా పేరుకు చాలిందే."

బస్టాండు నవ్వింది. అదే బస్టాండు, అదే నవ్వు. ఈసారి అది నామీదా ఆమెమీదా సగం సగం పడింది. ఇంకో ఆయన మజ్జిగ పుల్లగా ఉందనీ, ఇంకొకాయన ఊట ఎండిపోయిందనీ అడుగుతుంటే, ఆమె అందరికీ ఓపిగ్గా జవాబు చెబుతూ పావుగంట నిలబడ్డారు. ఇప్పుడు నేను ఆమె అప్పటి వయసు దాటి చాలాకాలమైంది. జేబులో నిమ్మకాయతో, కదలని కొండలను చూసుకుంటూ, చాలా ఊళ్ళే తిరిగాను. తలచుకుంటే ఆ పావుగంట నా పగలాగా కనిపించదు. పటంలో వేలు పెట్టిన ఒక మనిషికి తన ఊరు కాని ఊళ్ళో ఒక చిన్న చోటు దొరికినట్టే కనిపిస్తుంది. కాని ఆనాడు మేజా వెనక కూర్చున్న కుర్రవాడికి అంత విశాల హృదయం లేదు. వాడికి ఇంకా ఒక ముక్క మిగిలే ఉంది.

జనం సద్దుమణిగాక ఆమె మేజా దగ్గరకు వచ్చి, పాత నోటుపుస్తకం బయటికి తీశారు. పలమనేరుకే టిక్కెట్టు. "సరే నాయనా, ఇప్పుడు చెప్పు. ఈ బస్సుకు ఏ పక్క కూర్చోమంటావు?"

మాఘమాసం, పొద్దుటి బస్సు, పడమటి దారి. ఏ సీటుమీద ఎంతసేపు నీడ ఉంటుందో, బంగారుపాళెం దాటాక అది ఎటు జరుగుతుందో, నాకు అంగుళాలతో సహా తెలుసు. అప్పటికి ఆ దారిలో ప్రతి సీట్లోనూ కూర్చుని చూసినవాణ్ణి. టిక్కెట్టు కోసి, రెండు చేతులతో ఆమెకు అందించి, వినయంగా తల వంచాను.

"తెలీదమ్మా," అన్నాను.